బయానా చెల్లించిన ప్రయాణం

2020వ సంవత్సరం మార్చి నెలలో మన దేశంలోని అనేక కుటుంబాలు ఒకే విధమైన చిక్కులో పడ్డాయి. వేసవి సెలవులలో ఊటీకో, కాశ్మీరానికో, సింగపూరుకో పోవాలని నాలుగైదు నెలల ముందే నిశ్చయించుకొని యాత్రా సంస్థకు బయానా చెల్లించి ఉన్నారు. మిగిలిన సొమ్ముకు గడువు ఏప్రిల్‌లో వస్తుంది. ఇంతలో మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని మహమ్మారిగా పేర్కొన్నది. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. మే నెలలో రైళ్ళు, విమానాలు నడుస్తాయో లేదో చెప్పగలవారు ఎవరూ లేరు. మిగిలిన సొమ్ము చెల్లించకపోతే బయానా పోతుంది. చెల్లిస్తే మొత్తమంతా పోవచ్చు. ఏమి చేయాలి?

చూడటానికి ఇది ఒక ఇంటి లెక్క. అయితే ఇందులో కొంత గణితం, చాలవరకు న్యాయశాస్త్రం, కొంత ధర్మవిచారం కలిసి ఉన్నాయి. ఇట్టి సందర్భం మరల రాదని చెప్పటానికి వీలులేదు కనుక, విద్యార్థులు దీనిని ఒకసారి నింపాదిగా పరిశీలించటం మంచిదని నా అభిప్రాయం.

విషయంలోకి పోయేముందు ఒక చిన్న మాట. బయానా, కిస్తు, రసీదు, జమ, రద్దు, వాపసు, వాయిదా అనే మాటలు లేకుండా తెలుగువాడు ఒక లావాదేవీ కూడ నడపలేడు. లావాదేవీ అన్న మాటతో సహా ఇవన్నీ ఉర్దూ ద్వారా మనకు వచ్చినవే. వీటిలో వాయిదా కథ చిత్రమైనది. అరబ్బీ, ఉర్దూలలో 'వాదా' అంటే మాట ఇవ్వటం, వాగ్దానం. అది తెలుగులో అడుగుపెట్టి మొదట ఇచ్చిన గడువుగా, తరువాత గడువు తీరిన కిస్తుగా, చివరకు పనిని రేపటికి నెట్టటంగా మారింది. వాగ్దానం వాయిదాగా పరిణమించిన ఈ తీరును 2020లో టికెట్లు కొన్నవారంతా స్వానుభవంతో తెలుసుకొన్నారు!

ఇక లెక్కకు వద్దాం. అర్థశాస్త్ర విద్యార్థులకు ఒక సూత్రం పాఠంగా చెబుతారు. ఇదివరకే ఖర్చయిపోయి తిరిగి రాని సొమ్మును చూసి రేపటి నిర్ణయం చేయరాదు. మన పెద్దలు దీనినే గోడకు వేసిన సున్నం అన్నారు. సినిమా బాగాలేదని తెలిసిన తరువాత కూడ, టికెట్టుకు డబ్బు పెట్టాము గదా అని మూడు గంటలు కూర్చోవటం వివేకం కాదు. డబ్బు ఎట్లాగూ పోయింది, మూడు గంటలైనా మిగుల్చుకోవచ్చు. ఈ సూత్రాన్ని పట్టుకొని చాలమంది, "బయానా పోతే పోయింది, ఇక ఒక్క పైసా కూడ కట్టవద్దు" అని సలహా ఇచ్చారు. ఈ సలహాలో ఒక లోపం ఉన్నది. యాత్రకు కట్టిన బయానా పూర్తిగా గోడకు వేసిన సున్నం కాదు. ప్రయాణాన్ని ఎవరు రద్దు చేశారన్న దానిని బట్టి అది తిరిగి రావచ్చు, రాకపోవచ్చు.

యాత్రా ఒప్పందాలలో సాధారణంగా కనబడే షరతులు రెండు. ప్రయాణికుడు తనంతట తాను మానుకొంటే బయానా జప్తు అవుతుంది. బయలుదేరే తేదీ దగ్గరపడేకొద్దీ జప్తయ్యే భాగం పెరుగుతుంది కూడ. సంస్థయే యాత్రను రద్దు చేస్తే కట్టినదంతా వాపసు ఇవ్వవలసి ఉంటుంది. మరి ప్రయాణికుడు గడువునాటికి మిగిలిన సొమ్ము కట్టకపోతే, అతడే రద్దు చేసినట్లు లెక్క. కనుక మిగిలిన సొమ్ము కట్టటమంటే యాత్రకు ధర చెల్లించటం మాత్రమే కాదు. సంస్థ రద్దు చేసిన పక్షంలో మొత్తాన్ని తిరిగి పొందే హక్కును నిలుపుకోవటం కూడ.

ఒక ఉదాహరణ తీసుకొందాం. మొత్తం ఖర్చు 60,000 రూపాయలు. బయానా 15,000. మిగిలినది 45,000. వ్యాధి భయం చేత ఆ కుటుంబం ఎట్లాగూ వెళ్ళరాదని నిశ్చయించుకొన్నది. ఇప్పుడు వారు 45,000 కడితే, సంస్థ యాత్రను రద్దు చేసినప్పుడు 60,000 తిరిగి వస్తాయి. సంస్థ రద్దు చేయకపోతే ఆ 45,000 కూడ పోతాయి. అనగా 60,000 రావటానికి అవకాశం నాలుగింట మూడు పాళ్ళకు మించినప్పుడే కట్టటం లాభం. నాలుగింట మూడు పాళ్ళకు తగ్గితే బయానా వదలుకొనటమే మేలు.

బయానా ఎంత ఎక్కువైతే ఈ హద్దు అంత తగ్గుతుంది. అదే కుటుంబం ముందే 40,000 కట్టి 20,000 మాత్రమే మిగిలి ఉంటే, మూడింట ఒక పాలు అవకాశం ఉన్నా కట్టవచ్చు. "ఇంత కట్టాము గదా, మిగిలినది కూడ కట్టేద్దాం" అన్న గృహిణి మాటను అర్థశాస్త్రం తెలిసినవారు పరిహసిస్తారు గాని, ఇట్టి ఒప్పందాలలో ఆమె మాటే సరియైన సందర్భాలు ఉన్నాయి.

అయితే లెక్క ఇంతటితో పూర్తి కాదు. సంస్థ రద్దు చేయటం ఒక ఎత్తు, రద్దు చేసిన తరువాత సొమ్ము ఇవ్వగలగటం మరొక ఎత్తు. మహమ్మారి కాలంలో యాత్రా సంస్థలకు వచ్చే సొమ్ము నిలిచిపోతుంది, ఇవ్వవలసినది మాత్రం ఒక్కసారిగా మీద పడుతుంది. పై ఉదాహరణలో యాత్ర రద్దయ్యే అవకాశం పదింట తొమ్మిది పాళ్ళు, రద్దయితే సంస్థ సొమ్ము ఇవ్వగల అవకాశం పదింట ఎనిమిది పాళ్ళు అనుకొందాం. రెండూ ఘనంగానే కనబడతాయి. గుణిస్తే నూటికి 72 మాత్రమే. మన హద్దు నూటికి 75. కనుక కట్టరాదు. రెండు మంచి అవకాశాలు కలిసి ఒక చెడ్డ బేరం కావటం విద్యార్థులు గమనింపదగినది.

ఈ రెండవ భయం ఊహామాత్రం కాదు. 1841 నుండి యాత్రా వ్యాపారంలో పేరుగన్న బ్రిటిష్ సంస్థ థామస్ కుక్ 2019 సెప్టెంబరు 23న కుప్పకూలింది. అప్పటికి విదేశాలలో ఉన్న సుమారు లక్షా యాభై వేలమందిని బ్రిటిష్ ప్రభుత్వం స్వదేశానికి చేర్చవలసి వచ్చింది. (అదే పేరుతో మన దేశంలో ఉన్న సంస్థ అప్పటికే వేరైన యాజమాన్యం క్రింద ఉన్నందున దానికి ఈ పతనంతో సంబంధం లేదు.) మన దేశంలో జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లోనూ, గో ఫస్ట్ 2023 మే నెలలోనూ విమానాలు నిలిపివేశాయి. టికెట్లు కొన్నవారు ఒక్క రాత్రిలో ప్రయాణికుల స్థానం నుండి అప్పులవాళ్ళ స్థానానికి మారారు. దివాలా వ్యవహారంలో హామీ గల బ్యాంకుల వరుస ముందుంటుంది, టికెట్టుదారుని వరుస వెనుక ఉంటుంది. అందుచేతనే వాపసుకు బదులు "మరొకప్పుడు వాడుకోండి" అని ఇచ్చే కాగితాన్ని రొక్కంతో సమానంగా లెక్కించరాదు. ఆ కాగితం విలువ సంస్థ ఆయుర్దాయం మీద ఆధారపడి ఉంటుంది.

న్యాయశాస్త్రం ఈ విషయంలో ఏమంటున్నదో చూద్దాం. ఇక్కడ కొంచెం వెనుకకు, 1902కు పోవాలి. ఆ సంవత్సరం జూన్ 26, 27 తేదీలలో లండనులో ఏడవ ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేక ఊరేగింపులు జరగవలసి ఉన్నది. ఊరేగింపు సాగే వీధులలో మేడగదులు రెండు రోజులకు విపరీతమైన అద్దెలకు పోయాయి. హెన్రీ అనే ఆయన పాల్‌మాల్ వీధిలో క్రెల్ అనే ఆయన గదులను 75 పౌన్లకు మాట్లాడుకొని 25 పౌన్లు బయానా ఇచ్చాడు. మిగిలిన 50 పౌన్లు 24న ఇవ్వాలి. ఆ 24వ తేదీననే రాజుకు కడుపులో వ్యాధి ముదిరి శస్త్రచికిత్స జరిగింది, ఉత్సవం వాయిదా పడింది. గదులు ఉన్నాయి, కిటికీలు ఉన్నాయి, చూడటానికి ఊరేగింపు మాత్రం లేదు. మిగిలిన 50 పౌన్లు ఇమ్మని క్రెల్ దావా వేశాడు. ఒప్పందానికి ఆధారమైన ఊరేగింపే లేనప్పుడు మిగిలిన సొమ్ము ఇవ్వనక్కరలేదని 1903లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది.

ఇదే ఉత్సవానికి గది తీసుకొన్న చాండ్లర్ అనే ఆయనకు మాత్రం అదృష్టం కలసిరాలేదు. ఆయన 141 పౌన్ల 15 షిల్లింగుల అద్దెలో 100 పౌన్లు కట్టి ఉన్నాడు. మిగిలినది చెల్లించవలసిన గడువు ఉత్సవం ఆగిపోవటానికి ముందే వచ్చిందని, కనుక కట్టిన 100 తిరిగి రాకపోగా, మిగిలిన 41 పౌన్ల 15 షిల్లింగులు కూడ ఇవ్వవలసిందేనని 1904లో కోర్టు నిర్ణయించింది. ఒకే ఉత్సవం, ఒకే వీధి, ఒకే విధమైన నష్టం. గడువు తేదీలో ఉన్న భేదం వలన ఒకడు గట్టెక్కాడు, మరొకడు మునిగాడు. ఈ అన్యాయం ఇంగ్లాండులో 1942లో ఫిబ్రోసా కేసు వరకు చెల్లుబడి అయింది. 1943లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి దానిని పూర్తిగా సవరించింది.

మన దేశానికి ఆ చిక్కు లేకపోవటం విశేషం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 56వ సెక్షను, జరిపించటం అసాధ్యమైన ఒప్పందం చెల్లదని చెబుతుంది. 65వ సెక్షను, చెల్లకుండా పోయిన ఒప్పందం క్రింద లాభం పొందినవాడు దానిని తిరిగి ఇవ్వాలని చెబుతుంది. ఆ సెక్షను క్రింద చట్టమే ఒక దృష్టాంతం ఇచ్చింది. కచేరీలో పాడటానికి గాయకుడు వెయ్యి రూపాయలు ముందుగా పుచ్చుకొని, జబ్బుచేసి పాడలేకపోయాడు. కచేరీ జరిగితే వచ్చే లాభానికి అతడు పూచీ కాదు గాని, ఆ వెయ్యి మాత్రం వాపసు ఇవ్వాలి. ఇంగ్లాండు 1943లో చేసుకొన్న సవరణకు మూలమైన న్యాయం మన చట్టంలో డెబ్బై ఏళ్ళ ముందే ఉన్నదన్నమాట.

అయితే "అసాధ్యం" అన్న మాటను కోర్టులు అంత సులభంగా ఒప్పుకోవు. 1954లో సత్యవ్రత ఘోష్ కేసులో సుప్రీం కోర్టు ఆ మాటకు అర్థాన్ని కొంత విస్తరించింది. అక్షరాలా అసాధ్యం కానక్కరలేదు. ఒప్పందపు మూలప్రయోజనమే దెబ్బతిని, అమలు నిరర్థకమైతే చాలునన్నది. కాని ఆ కేసులో యుద్ధకాలపు భూస్వాధీనాన్ని తాత్కాలికమైన అడ్డంకిగానే భావించి, ఒప్పందం నిలిచే ఉన్నదని తీర్పు చెప్పింది. దీనిని బట్టి మనం గ్రహించవలసినదేమంటే, ప్రభుత్వ ఉత్తర్వు చేత యాత్ర ఆగిపోవటం వేరు, వ్యాధి భయం చేత మనం మానుకొనటం వేరు. భయం ఎంత సహేతుకమైనా అది ఒప్పందాన్ని రద్దు చేయదు. ప్రయాణపు బీమా పాలసీలు కూడ సాధారణంగా "వెళ్ళటం ఇష్టం లేక" మానుకొన్న ప్రయాణానికి ఏమీ ఇవ్వవు.

2020లో మన దేశంలో జరిగిన సంగతులు ఈ భేదాన్ని స్పష్టం చేశాయి. మార్చి 22 నుండి ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. రద్దయిన రైళ్ళకు ఇంటర్నెట్ ద్వారా టికెట్లు కొన్నవారు తమంతట తాము రద్దు చేసుకోవద్దనీ, పూర్తి చార్జీ దానంతట అదే ఖాతాలో జమ అవుతుందనీ రైల్వే వర్గాలు హెచ్చరించాయి. తొందరపడి రద్దు చేసుకొన్నవానికి కోత పడవచ్చు, ఊరకే కూర్చున్నవానికి పూర్తి సొమ్ము వస్తుంది. కౌంటరులో కొన్న టికెట్లకు వాపసు గడువును నెలల మేరకు పొడిగించారు.

విమాన టికెట్ల వ్యవహారం ఇంత సులువుగా తేలలేదు. దేశీయ విమానాలు మార్చి 25 నుండి మే 24 వరకు నిలిచిపోయాయి. అనేక సంస్థలు రొక్కం ఇవ్వక, ఖాతాలో జమ చూపి మరొకప్పుడు ప్రయాణించమన్నాయి. వివాదం సుప్రీం కోర్టుకు పోయింది. అదే సంవత్సరం అక్టోబరు 1న కోర్టు తీర్పు ఇచ్చింది. లాక్‌డౌన్ కాలంలోనే కొని, ఆ కాలంలోనే ప్రయాణించవలసిన టికెట్లకు పూర్తి సొమ్ము వెంటనే ఇవ్వాలి. అప్పుడు టికెట్లు అమ్మటమే తగదు గనుక. అంతకు ముందే కొన్న టికెట్లకు 15 రోజులలో వాపసు ఇవ్వాలి. ఆర్థికంగా చితికిన సంస్థ అయితే అంతే విలువ గల జమను 2021 మార్చి 31 వరకు ఉంచవచ్చు. ఆ జమ విలువ 2020 జూన్ 30 వరకు నెలకు నూటికి అర్ధ రూపాయి చొప్పున, ఆపైన నెలకు ముప్పావలా చొప్పున పెరగాలి. ప్రయాణికుడు దానిని మరొకరికి బదిలీ చేయవచ్చు. గడువులోపల వాడకపోతే రొక్కమే ఇచ్చివేయాలి. ప్రయాణికుని హక్కును, సంస్థ బ్రతుకును ఒకే త్రాసులో తూచిన తీర్పు ఇది. సంస్థల వైపు కొంచెం ఎక్కువ మొగ్గిందని విమర్శించవచ్చు గాని, దివాలా తీసిన సంస్థ మీద గెలిచిన డిక్రీ కంటె ఇది మేలు గదా!

ఇక విహారయాత్ర అనదగనిది, అయినా ఇదే చిక్కు మరింత గంభీరంగా ఎదురైనది హజ్ ప్రయాణం. 2020 హజ్‌కు మన దేశం నుండి రెండు లక్షల పదమూడు వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఖుర్రాలో పేరు వచ్చినవారు హజ్ కమిటీకి సొమ్మును విడతలుగా చెల్లించాలి. ఫిబ్రవరి 27ననే సౌదీ ప్రభుత్వం ఉమ్రా యాత్రికుల ప్రవేశాన్ని నిలిపివేసింది. మార్చి నెలాఖరున అక్కడి హజ్ మంత్రి, హజ్ ఒప్పందాలు చేసుకోవద్దనీ, పరిస్థితి తేటపడేవరకు ఆగమనీ ప్రపంచ ముస్లింలను కోరాడు. ఇక్కడ యాత్రికుల మనస్సులలో ఎంత మథనం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇది ఇరవై ముప్పై ఏళ్ళు కూడబెట్టిన సొమ్ము. చాలమంది వృద్ధులు. మానుకొంటే మళ్ళీ ఖుర్రాలో పేరు వస్తుందో రాదో! పైన చెప్పిన నాలుగింట మూడు పాళ్ళ లెక్క ఇట్టివారికి ఏమి చెప్పగలదు?

జూన్ మొదటి వారంలో హజ్ కమిటీ, మానుకోదలచిన వారికి ఏ కోతా లేకుండా నూటికి నూరు వాపసు ఇస్తామని ప్రకటించింది. జూన్ 22న సౌదీ ప్రభుత్వం ఆ ఏటి హజ్‌ను తమ దేశంలో అప్పటికే నివసిస్తున్న కొద్దిమందికి మాత్రమే పరిమితం చేసింది. మరునాడే మన ప్రభుత్వం యాత్రికులను పంపటం లేదని చెప్పి, అందరి సొమ్మును నేరుగా బ్యాంకు ఖాతాలకు వాపసు చేయ నిశ్చయించింది. ఆర్థికంగా ఎవరికీ నష్టం కలగలేదు. 2021లో కూడ హజ్ అరవై వేలమంది స్థానిక నివాసులకే పరిమితమైంది. 2022లో ద్వారాలు తెరచినప్పుడు మన దేశానికి 79,237 మంది కోటా లభించింది, 65 ఏళ్ళలోపు వారికే అనుమతి అన్న షరతు కూడ వచ్చింది. 2020లో 63 ఏళ్ళ వయస్సులో కిస్తు కట్టినవాడు 2022లో అనర్హుడయ్యాడు. ఆ వయోపరిమితిని 2023లో తొలగించారు. ఆ మూడేళ్ళూ వేచి ఉండగలిగినవారికి అది ఊరట. వాపసు పట్టికలో వయస్సుకు గడి ఉండదు.

ఇట్టి సందర్భంలో ప్రయాణం మానుకొనటం తవక్కుల్‌కు, అనగా దైవం మీద భరోసాకు, విరుద్ధమా అని ఆనాడు కొందరు సందేహించారు. దీనికి క్రీ.శ. 639 ప్రాంతంలోనే ఒక సమాధానం ఉన్నది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) పరివారంతో సిరియాకు పోతూ సర్గ్ అనే చోటికి చేరారు. ముందున్న దేశంలో మహమ్మారి చెలరేగినట్లు అక్కడ వార్త అందింది. ఆయన వెంటనే నిర్ణయించలేదు. ముహాజిరులను పిలిచి అడిగారు, వారిలో అభిప్రాయభేదం వచ్చింది. అన్సారులను అడిగారు, వారిలోనూ అంతే. ఖురైషు వృద్ధులను అడిగితే అందరూ ఏకకంఠంతో వెనుదిరగమన్నారు. తెల్లవారి తిరిగి పోదామని ప్రకటించగా, సేనాని అబూ ఉబైదా (రజి), దైవనిర్ణయం నుండి పారిపోతున్నారా అని ప్రశ్నించారు. దైవనిర్ణయం నుండి దైవనిర్ణయంలోకే పోతున్నామని ఉమర్ (రజి) సమాధానం. పచ్చికబయలు మీద ఒంటెలను మేపినా, ఎండిన గుట్ట మీద మేపినా రెండూ దైవనిర్ణయమే కాదా అని కూడ అడిగారట. అంతలో అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్ (రజి) వచ్చి, వ్యాధి ఉన్న ప్రాంతంలోకి పోవద్దనీ, ఉన్నచోట వ్యాధి వస్తే దానికి భయపడి పారిపోవద్దనీ ప్రవక్త బోధించినట్లు తెలిపారు. సందేహం తీరింది. అంత దూరం వచ్చిన ప్రయాణపు ఖర్చు, శ్రమ ఆ నిర్ణయానికి అడ్డు రాలేదు. హజ్ విషయంలో ఫిఖ్ పండితులు మార్గక్షేమాన్ని ఒక షరతుగా లెక్కించటం కూడ ఇక్కడ గుర్తుంచుకోదగినది.

ఈ వృత్తాంతం వలన మరొక భేదం తేటపడుతుంది. సొమ్ము కట్టాలా అన్నది ఒక ప్రశ్న, ప్రయాణం చేయాలా అన్నది వేరొక ప్రశ్న. సొమ్ము నష్టం మన ఒక్కరిది. మన వెంట వ్యాధి ప్రయాణిస్తే నష్టం ఎదురూరివారిది. కనుక హక్కును నిలుపుకొనటానికి కిస్తు కట్టినవాడు, సంస్థ రద్దు చేయలేదు గదా అని దగ్గుతూ రైలెక్కటం న్యాయం కాదు. కట్టి కూడ వెళ్ళకుండా ఉండే స్వేచ్ఛ ఎప్పుడూ మన చేతిలోనే ఉన్నది.

ఆచరణలో అన్నిటికంటె చౌకైన ఉపాయం ఒకటి ఉన్నది. చాలమంది దానిని అడగనే అడగరు. గడువు పొడిగించమని వ్రాతపూర్వకంగా కోరటం. మహమ్మారి కాలంలో ప్రతి వారం ఒక కొత్త ఉత్తర్వు వస్తుంది. నాలుగు వారాలు ఆగగలిగితే ఊహించవలసినది చాలవరకు తెలిసిపోతుంది. సంస్థకు కూడ బేరం పూర్తిగా పోవటం కంటె ఆలస్యం కావటమే నయం. టెలిఫోనులో ఇచ్చిన మాట పనికిరాదు. కాగితం మీద తేదీతో ఉండాలి.

ఈ సందర్భంలో మన కళాశాలకు సంబంధించిన ఒక సంగతి కమిటీ పెద్దల దృష్టికి తేవాలని ఉన్నది. విద్యార్థుల విజ్ఞానయాత్రలకు మనమూ బయానాలు వసూలు చేస్తాము, బస్సువారికి, బసవారికి బయానాలు ఇస్తాము. విద్యార్థులకు ఇచ్చే రసీదులో పేరు, మొత్తం, సంతకం తప్ప మరేమీ ఉండదు. ప్రభుత్వ ఉత్తర్వు వలన గాని, అంటువ్యాధి వలన గాని యాత్ర ఆగిపోతే ఎంత సొమ్ము, ఎన్ని రోజులలో వాపసు ఇస్తామో అందులో రెండు పంక్తులు అచ్చువేయవచ్చు. విద్యార్థి తానుగా మానుకొంటే ఎంత కోత పడుతుందో, అనారోగ్యం వలన మానుకొన్నవానికి మినహాయింపు ఉన్నదో లేదో మరొక పంక్తి. బస్సువారితో చేసుకొనే ఒప్పందంలో కూడ ఇవే మాటలు ఉండాలి, లేకపోతే విద్యార్థులకు ఇచ్చే వాపసు కళాశాల నిధి మీద పడుతుంది. ఉర్దూలోనూ తెలుగులోనూ వేయిస్తే తల్లిదండ్రులందరికీ అర్థమవుతుంది. పాత రసీదు పుస్తకాలు అయిపోతే కొత్తవి ఎట్లాగూ అచ్చువేయించవలసినవే.